ఫర్ ఎలీజ్ షీట్ మూడు చోట్ల మూడు రకాలుగా ఉంటే దేన్ని నమ్మాలి?

ముందు మీ టెన్షన్ తీరుస్తాను. ఫర్ ఎలీజ్ అనే బీథోవెన్ పియానో పాటకి మీ దగ్గరున్న మూడు షీట్లలో తప్పుగా అచ్చయినది ఏదీ లేదు. ఏడో బార్‌లో, అంటే షీట్ మీద నిలువు గీతల మధ్య ఏడో గడిలో, కుడిచేతి రెండో నోట్ ఒకదాంట్లో ‘ఈ’ (E) స్వరం, ఇంకోదాంట్లో ‘డి’ (D) ఉందన్నారు, మూడోదాంట్లో సగం పాటే లేదన్నారు, వీటిలో బీథోవెన్ రాసింది ఏది, డబ్బు పెట్టి పుస్తకం కొనాలా ఫ్రీగా దొరికేది చాలా అని అడిగారు. మూడో షీట్ సంగతి తేలిక. అది మొదలుపెట్టినవాళ్ళ కోసం ఎవరో కుదించి రాసిన అరేంజ్‌మెంట్, అందరికీ తెలిసిన మొదటి భాగం ఉంచి, మధ్యలో వచ్చే ఎఫ్ మేజర్ భాగాన్నీ, ఎడమచేతిలో ‘ఏ’ నోట్ ఆగకుండా మోగే ఆ ఉద్వేగమైన భాగాన్నీ తీసేశారు. నేర్చుకోవడానికి పనికొస్తుంది. కానీ పైన బీథోవెన్ పేరు ఒక్కటే వేసి కుదించినవాళ్ళ పేరు వెయ్యకపోవడం నాకు అస్సలు నచ్చదు, ఎందుకంటే చదివేవాళ్ళు అదే పూర్తి పాట అనుకుంటారు.

మిగతా రెండింటి సంగతే అసలు ప్రశ్న. దానికి ఈ పాట కథ కొంచెం తెలియాలి.

బీథోవెన్ బతికుండగా ఇది అచ్చు కాలేదు. ఆయన 1827లో పోయాడు. లుడ్విగ్ నోల్ అనే ఆయన మ్యూనిక్‌లో ఒకరి దగ్గర ఆ రాతప్రతి చూసి, నకలు రాసుకుని, 1867లో అచ్చు వేయించాడు. దాని మీద ‘ఎలీజ్ కోసం, ఏప్రిల్ 27, జ్ఞాపకంగా’ అని ఉందని నోల్ చెప్పాడు, సంవత్సరం లేదు, 1810 అన్నది పండితుల లెక్క. ఆ తర్వాత ఆ రాతప్రతి కనపడకుండా పోయింది. బాన్‌లో బీథోవెన్ పుట్టిన ఇల్లు ఇప్పుడు మ్యూజియం, అక్కడ ఈ పాట చిత్తుప్రతి ఒకటి ఉంది, దాని మీద ఆయన తర్వాత మళ్ళీ దిద్దుకున్న గుర్తులున్నాయి, కానీ అది చిత్తు మాత్రమే. అంటే ప్రపంచంలో ఇన్ని లక్షల మంది పిల్లలు వాయించే పాట ఒక్క మనిషి కన్ను మీద ఆధారపడి ఉంది. ఎలీజ్ ఎవరో కూడా తేలలేదు, అసలు అది ‘థెరేజ్’ అయి ఉంటుందని, బీథోవెన్ చేతిరాత అర్థంకాక నోల్ తప్పు చదివాడని మాక్స్ ఉంగర్ అనే పండితుడు 1923లో వాదించాడు. ఆ రోజుల్లో బీథోవెన్‌కి థెరేజ్ మాల్‌ఫట్టి అనే అమ్మాయి మీద మనసుండేది కాబట్టి ఆ వాదనకి బలం వచ్చింది.

ఇప్పుడు మీ ఏడో బార్. నోల్ అచ్చులో ఆ బార్‌లో ‘ఈ’ ఉంది, అదే వరస మళ్ళీ వచ్చిన చోట్ల ‘డి’ ఉంది! ఒకే పాటలో రెండు రకాలు. తర్వాత వచ్చిన ఎడిటర్లు కొందరు అన్నీ ‘ఈ’ చేశారు, కొందరు అన్నీ ‘డి’ చేశారు. మీ రెండు షీట్లూ ఆ రెండు గుంపులవి. నేనైతే ‘డి’ వాయిస్తాను, కారణం చెప్తాను, కీబోర్డ్ దగ్గర కూర్చుని చూడండి. ఆ తర్వాతి వాక్యంలో కుడిచేయి ‘జి’ నుంచి పై ‘ఎఫ్’కి ఎగురుతుంది, తర్వాత ‘ఎఫ్’ నుంచి పై ‘ఈ’కి, తర్వాత ‘ఈ’ నుంచి పై ‘డి’కి. ప్రతిసారీ ఏడో స్వరం మీదకి ఎగరడం, అక్కణ్ణుంచి మెట్టు మెట్టుగా దిగడం. ఏడో బార్‌లో ‘డి’ నుంచి పై ‘సి’కి ఎగిరితే అది కూడా అదే కుటుంబం. ‘ఈ’ వాయిస్తే ఆ పోలిక పోతుంది. ఇది నా చెవి తీర్పు, మీ టీచర్ ‘ఈ’ అంటే ‘ఈ’ వాయించండి, కానీ పాటంతా ఒకటే పెట్టుకోండి.

మన సంగీతం విన్నవాళ్ళకి ఇది కొత్త సంగతేం కాదు. త్యాగరాజస్వామి కృతి వాలాజపేట శిష్యుల పాఠంలో ఒక రకంగా, ఉమయాళ్పురం పాఠంలో ఇంకో రకంగా ఉంటే మనం పాఠాంతరం అంటాం, దేన్నీ దొంగది అనం. తేడా ఏంటంటే పాశ్చాత్య సంగీతంలో వాగ్గేయకారుడు తనే కలం పట్టి కాగితం మీద రాశాడు కాబట్టి, ఆ కాగితం ఎక్కడుంది, దాని మీద నిజంగా ఏముంది అని వెతికే పని రెండు వందల ఏళ్ళుగా నడుస్తోంది.

నాకు ఈ సంగతి తెలిసిన తీరు చెప్తాను. నేను సికింద్రాబాద్‌లో ఇరవై రెండేళ్ళుగా పియానో చెప్తున్నాను. బీథోవెన్ కన్నా ముందు తరం జర్మన్ సంగీతకారుడు బాఖ్ పాటలతో నా మొదటి పుస్తకం ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్నది, అట్ట లేదు, మొదటి పేజీ లేదు, ఎవరు ఎడిట్ చేశారో తెలిసే దారి లేదు. అందులో వెల్-టెంపర్డ్ క్లావియర్ అనే ఆయన సంపుటిలోని మొదటి ప్రిల్యూడ్ (చిన్న ముందుపాట లాంటిది), అదే ఆ సి మేజర్‌ది, అలలలాగా సాగేది, రెండేళ్ళు వాయించాను. కంఠతా వచ్చేసింది. ఒకరోజు ఒక రికార్డింగ్ వింటూ పుస్తకం పట్టుకుని కూర్చుంటే మధ్యలో ఒక బార్ వాయించకుండా దాటేశారు. పొరపాటు అనుకున్నాను. ఇంకొకరిది విన్నాను, వాళ్ళూ దాటేశారు. లెక్కపెడితే నా పుస్తకంలో 36 బార్లున్నాయి, బాఖ్ రాసింది 35.

ఆ అదనపు బార్ కథ ఇది. ఇరవై రెండో బార్‌లో కింది స్వరం ఎఫ్ షార్ప్, ఇరవై మూడో బార్‌లో ఏ ఫ్లాట్, మధ్యలో ‘జి’ లేకుండా ఎగురుతుంది. అది కొంచెం కరుకుగా ఉంటుంది, బాఖ్‌కి కావలసింది అదే. 18వ శతాబ్దం చివర్లో ష్వెంకే అనే సంగీతకారుడి నకలులో ఆ రెంటికీ మధ్య ‘జి’ మీద ఒక బార్ వచ్చి చేరింది, దారి నునుపు చేసినట్టు. ఆ బార్ అచ్చు పుస్తకాల్లోకి పాకింది. 1850ల్లో గూనో అనే ఫ్రెంచ్ సంగీతకారుడు ఇదే ప్రిల్యూడ్ మీద ఒక రాగం అల్లాడు, అదే ఇవాళ మనం ‘ఆవే మరియా’ అని చర్చి పెళ్ళిళ్ళలో వింటున్నది, అందులో కూడా ఆ బార్ ఉంది. అంటే బాఖ్ రాయని బార్‌ని ప్రపంచమంతా బాఖ్ పేరు మీద వింటోంది. నేను దాన్ని చేతుల్లోంచి తీసెయ్యడానికి నెల పట్టింది. నా విద్యార్థులు ఇద్దరికి అప్పటికే నేర్పేశాను, వాళ్ళని పిలిచి మళ్ళీ చెప్పాను.

అప్పట్నుంచి ఏ షీట్ చేతికొచ్చినా మొదట అడిగే ప్రశ్న ఒకటే: ఈ పేజీ మీద ఏది రాసినాయనది, ఏది తర్వాతివాళ్ళది?

బాఖ్ విషయంలో జవాబు చూస్తే ఆశ్చర్యపోతారు. ఆ సంపుటికి 1722 నాటి ఆయన రాతప్రతిలో నోట్లు ఉంటాయి, కొన్ని అలంకారపు గుర్తులు ఉంటాయి, అంతే. ఎంత వేగంగా వాయించాలో దాదాపు ఎక్కడా లేదు, ఎక్కడ గట్టిగా ఎక్కడ మెల్లగా అన్నది లేదు, ఫింగరింగ్ (ఏ నోట్ ఏ వేలితో అన్నది) లేదు, పెడల్ లేదు. ఆయన రాసింది హార్ప్సికార్డ్, క్లావికార్డ్ లాంటి పాత కీబోర్డ్ వాద్యాలకి, హార్ప్సికార్డ్ మీట ఎంత గట్టిగా నొక్కినా శబ్దం పెరగదు. మీరు పాత ఎడిషన్‌లో బాఖ్ మీద ‘క్రెషెండో’ (క్రమంగా గట్టిగా) అని చూస్తే అది ఆయన మాట కాదు. 1837లో చెర్నీ ఎడిషన్ వచ్చింది, వేగాలు, గట్టి-మెల్ల గుర్తులు, ఫింగరింగ్ అన్నీ పెట్టాడు. మన పిల్లలు వేళ్ళ వ్యాయామాలు చేసే చెర్నీయే ఆయన, బీథోవెన్ శిష్యుడు. ఆ సంపుటిలో ఒక్కో ప్రిల్యూడ్ వెంట ఒక ఫ్యూగ్ (ఒకే వరసని గొంతులు ఒకదాని వెంట ఒకటి అందుకునే పాట) ఉంటుంది, వాటిలో చాలావాటిని బీథోవెన్ ఎలా వాయించాడో గుర్తుపెట్టుకుని ఆ గుర్తులు పెట్టానని చెప్పుకున్నాడు. కాబట్టి ఆ ఎడిషన్‌ని చెత్త అని పారెయ్యను, అందులో ఒక తరం చెవి ఉంది. బాఖ్ ఏమన్నాడో తెలుసుకోవడానికి మాత్రం అది చూడను.

మీ తర్వాతి పాట ఏదో నేను ఇప్పుడే చెప్పగలను: జి మేజర్ మెన్యుఎట్, ‘బాఖ్’ అని పైన రాసి ఉంటుంది. అది బాఖ్‌ది కాదండి. ఆయన రెండో భార్య ఆనా మాగ్దలేనా 1725లో మొదలుపెట్టిన నోట్‌బుక్‌లో పేరు లేకుండా ఉన్న పాట అది, ఇంట్లో అందరూ నచ్చినవి ఎక్కించుకునే పుస్తకం. డ్రెస్డెన్‌లో ఆర్గన్ వాయించే క్రిస్టియన్ పెట్జోల్డ్ రాశాడని 1970ల్లో తేలింది. అయినా ఇవాళ్టికీ బోలెడు పుస్తకాలు బాఖ్ పేరే వేస్తున్నాయి. మంచి పుస్తకమా కాదా అని చూడ్డానికి నేను వాడే మొదటి పరీక్ష ఇది, ఆ పేజీ తీసి పెట్జోల్డ్ పేరుందో లేదో చూస్తాను.

పేరు పోయినవాళ్ళలో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఫానీ మెండెల్‌సన్. తమ్ముడు ఫీలిక్స్ పేరు మీద ఆమె పాటలు కొన్ని అచ్చయ్యాయి, ఆ రోజుల్లో ఆ ఇంటి ఆడపిల్ల తన పేరుతో పుస్తకం వెయ్యడం మర్యాద కాదనుకున్నారు. 1828లో ఆమె రాసిన ఈస్టర్ సొనాటా రాతప్రతి చాలాకాలం తమ్ముడిదిగా చలామణి అయి, 2010లో ఆంజెలా మేస్ క్రిస్టియన్ అనే పరిశోధకురాలు చేతిరాత, పేజీ నంబర్లు పట్టి చూస్తే గానీ ఆమెదని రుజువు కాలేదు. నూట ఎనభై ఏళ్ళు! మీ స్థాయికి ఆ సొనాటా ఇప్పుడే అందదు, కానీ వినండి.

రాసినాయన స్వయంగా పెట్టిన గుర్తులు ఉన్నచోట మళ్ళీ ఇంకో చిక్కు, మనం వాటిని తప్పు చదువుతాం. మూన్‌లైట్ సొనాటా మీ లిస్టులో ఉందన్నారు. ఆ పేరు బీథోవెన్ పెట్టింది కాదు, రెల్‌స్టాబ్ అనే విమర్శకుడి పోలిక నుంచి వచ్చింది, బీథోవెన్ 1802లో అచ్చు వేసినప్పుడు పెట్టింది ‘ఫాంటసీలాంటి సొనాటా’ అని. మొదటి పేజీ పైన ఇటాలియన్‌లో ఒక వాక్యం ఉంటుంది, ఈ భాగమంతా అత్యంత సున్నితంగా, ‘సెన్జా సోర్దీనో’ వాయించాలి అని. చాలామంది దీన్ని ఎడమ పెడల్ గురించి అనుకుంటారు. సోర్దీనో అంటే ఇక్కడ తీగల మీద ఆనే డాంపర్లు, అవి లేకుండా అంటే కుడి పెడల్ తొక్కి ఉంచమని. ఆయన కాలపు పియానోలో శబ్దం త్వరగా చచ్చిపోయేది కాబట్టి అలా తొక్కి ఉంచినా మబ్బు పట్టినట్టు మాత్రమే ఉండేది. ఇప్పటి పియానో మీద అదే చేస్తే అంతా కలిసి ముద్దయిపోతుంది. అందుకే పెడల్ పూర్తిగా వదలకుండా సగం వదిలి తొక్కుతూ, హార్మొనీ మారినప్పుడల్లా కాస్త శుభ్రం చేసుకుంటూ వెళ్ళాలి. మీ డిజిటల్ పియానోలో సగం పెడల్ పనిచేస్తుందో లేదో మాన్యువల్‌లో చూడండి, కొన్ని చవక పెడల్స్‌లో ఉండదు, అవి స్విచ్‌లాంటివి. ఈ ఒక్క మాట కోసమైనా బీథోవెన్ పెట్టిన గుర్తుని మార్చకుండా ఉంచిన ఎడిషన్ చూడాలంటాను, పాత ఎడిషన్లలో కొందరు దాన్ని తీసి బార్ బార్‌కీ తమ పెడల్ గుర్తులు పెట్టేశారు.

ఇక పియానో పాటలకి పేరుపడ్డ షోపాన్. ఈయన దగ్గర ‘అసలు ప్రతి’ అన్న మాటే నిలబడదు. ఆయన తన పాటల్ని పారిస్, లైప్‌జిగ్, లండన్ మూడు చోట్లా మూడు పబ్లిషర్లకి ఒకేసారి అమ్మేవాడు, ఒక దేశంలో అచ్చయింది పక్క దేశంలో దొంగచాటుగా వెయ్యకుండా. మూడింటికీ వెళ్ళిన ప్రతులు అచ్చం ఒకటి కావు, ప్రూఫుల్లో ఆయన మళ్ళీ మార్చేవాడు, ఒకచోట మార్చింది ఇంకోచోటికి చేరేది కాదు. దాని మీద పాఠం చెప్పేటప్పుడు శిష్యుల పుస్తకాల్లో పెన్సిల్‌తో ఇంకా మార్చాడు, జేన్ స్టర్లింగ్ అనే శిష్యురాలి పుస్తకాలు వాటిలో ముఖ్యమైనవి. లండన్ పబ్లిషర్ అయితే అడక్కుండా నాక్టర్న్‌లకి (రాత్రి మూడ్‌లో సాగే పియానో పాటలు) ‘సేన్ నది గుసగుసలు’ లాంటి పేర్లు తగిలించాడు, షోపాన్‌కి ఒళ్ళు మండింది. సి మైనర్ ప్రిల్యూడ్, ఓపస్ 28లో ఇరవయ్యోది, ఒక్క పేజీ, మీరు ఏడాదిలో వాయించగలరు. దాని మూడో బార్ చివరి కార్డ్‌లో (ఒకేసారి మోగే స్వరాల గుంపు) ‘ఈ’ మామూలుదా ఫ్లాటా అన్నదాని మీద ఇప్పటికీ రెండు రకాల పుస్తకాలున్నాయి. రెండూ వాయించి చూడండి, ఒకటి కాస్త వెలుగు చూపిస్తుంది, ఇంకోటి తలుపు మూసేస్తుంది.

ఫాంటసీ-ఇంప్రాంప్ట్యూ కథ కూడా ఇదే దారి. షోపాన్ తను అచ్చు వెయ్యనివన్నీ తగలబెట్టమన్నాడు. ఆయన 1849లో పోయాక స్నేహితుడు ఫొంటానా 1855లో అచ్చు వేయించాడు, ‘ఫాంటసీ’ అన్న మాట కూడా ఫొంటానాదే. తర్వాత 1960లో ఆర్థర్ రూబిన్‌స్టైన్‌కి ఒక పాత ఆల్బమ్‌లో షోపాన్ స్వహస్తంతో 1835 తేదీ వేసి రాసిన ప్రతి దొరికింది, అది చాలాచోట్ల వేరుగా ఉంది. మంచి పుస్తకాలు రెండూ వేస్తాయి.

సరే, పని మాటకి వద్దాం. ఫ్రీ షీట్‌ని చూడగానే ఏం వెతకాలి? మొదటి పేజీలో కుడివైపు పైన రాసినాయన పేరు, దాని కింద లేదా ఎడమవైపు ఎడిటర్ పేరు, పేజీ అడుగున మధ్యలో ఒక నంబర్. ఆ నంబర్ని ప్లేట్ నంబర్ అంటారు. పూర్వం తగరం, సీసం కలిపిన రేకుల మీద ఒక్కొక్క నోట్ తలకాయనీ ఉలితో, ముద్రలతో కొట్టేవాళ్ళు, అది కూడా అద్దంలోలా కుడిఎడమలు తారుమారుగా, ఏ రేకు ఏ పుస్తకానిదో తెలియడానికి ఆ నంబర్ కొట్టేవాళ్ళు. దాంతో ఆ ఎడిషన్ ఏ ఏడాదిదో ఇప్పటికీ పట్టుకోవచ్చు. ఐఎంఎస్ఎల్‌పీ అనే సైట్‌లో, 2006లో ఒక విద్యార్థి మొదలుపెట్టినది, కాపీరైట్ తీరిపోయిన పాత ఎడిషన్ల స్కాన్‌లు ప్లేట్ నంబర్‌తో, సంవత్సరంతో సహా ఉంటాయి, ఒక్కోసారి మొదటి అచ్చు, రాతప్రతి కూడా ఉంటాయి. మీరు ఎక్కడో గుర్తు తెలియని పేజీ దించుకునే బదులు అక్కడ ఒకే పాటకి రెండు ఎడిషన్లు తీసి పక్కపక్కన పెట్టుకోండి. రెండింట్లో ఉన్నది ఎక్కువసార్లు రాసినాయనదే అవుతుంది, ఒకదాంట్లోనే ఉన్న స్లర్ (నోట్లని కలిపే వంపు గీత), పెడల్, వేగం ఎడిటర్‌వి అని అనుమానించండి. ఇది పక్కా పద్ధతి కాదు, కానీ కళ్ళు తెరిపిస్తుంది.

మన దేశంలో కాపీరైట్ రాసినవాళ్ళు పోయాక 60 ఏళ్ళు. కాబట్టి 1943లో పోయిన రాఖ్‌మనినోవ్ దాకా ఇబ్బంది లేదు, 1975లో పోయిన షోస్టకోవిచ్‌వి దించుకోకూడదు. పాత పాటకైనా కొత్త ఎడిషన్ వేసినవాళ్ళ పనికి హక్కు వేరేగా ఉంటుంది, ఎవరో స్కాన్ చేసి గ్రూపుల్లో తిప్పే కొత్త పుస్తకాలు తీసుకోకండి.

కొనే పుస్తకం అంటే ‘ఊర్‌టెక్స్ట్’ అని అట్ట మీద ఉన్నది చూడండి, మూలపాఠం అని అర్థం. హెన్లే నీలం అట్ట పుస్తకాలు, మ్యూనిక్‌వి, 1948 నుంచి ఈ పని చేస్తున్నారు, బేరెన్‌రైటర్, వీనర్ ఊర్‌టెక్స్ట్ కూడా అంతే నమ్మకమైనవి, షోపాన్‌కి మాత్రం యాన్ ఎకియర్ జీవితమంతా పెట్టి తెచ్చిన పోలిష్ నేషనల్ ఎడిషన్ నా మొదటి ఎంపిక. వీటిలో ఎడిటర్ చేర్చింది బ్రాకెట్‌లో ఉంటుంది, ఏ ప్రతిలో ఏముందో చెప్పే నోట్ ఉంటుంది. ఆ నోటే మీరు డబ్బిచ్చి కొనేది. అయితే వాటిల్లోనూ ఫింగరింగ్ ఎక్కువగా ఇప్పటి పియానిస్ట్‌ది, మీ చెయ్యి చిన్నదైతే టీచర్ని అడిగి పెన్సిల్‌తో మార్చుకోవచ్చు, తప్పేం లేదు. ఊర్‌టెక్స్ట్ అంటే చివరి మాట అని కూడా అనుకోవద్దు. టర్కిష్ మార్చ్ ఉన్న మొజార్ట్ సొనాటా, కె. 331, రాతప్రతి పేజీలు నాలుగు 2014లో బుడాపెస్ట్ జాతీయ గ్రంథాలయంలో బయటపడ్డాయి, అక్కడి లైబ్రేరియన్ మికుషి గుర్తుపట్టాడు. అంతవరకూ వస్తున్న పుస్తకాల్లో కొన్ని నోట్లు దిద్దాల్సి వచ్చింది.

మీరు పియానో మొదలుపెట్టి ఎనిమిది నెలలే అయింది కాబట్టి అన్నీ కొనక్కర్లేదు. ఖరీదు ఎక్కువే. ఒక్క పుస్తకం కొనాలంటే ఆనా మాగ్దలేనా నోట్‌బుక్ ఊర్‌టెక్స్ట్ కొనండి, రెండేళ్ళు సరిపోతుంది. ఫర్ ఎలీజ్‌కి ఐఎంఎస్ఎల్‌పీ చాలు. ఏ4 మీద ప్రింట్ తీసేటప్పుడు మార్జిన్లు కత్తిరించి పెద్దది చెయ్యండి, అసలు పుస్తకాల పేజీ ఏ4 కన్నా పెద్దది కాబట్టి మామూలుగా తీస్తే నోట్లు చిన్నవై కళ్ళు లాగుతాయి, రెండు పేజీలు పక్కపక్కన అట్టకి అంటించుకుంటే తిప్పే పని తప్పుతుంది. గ్రేడ్ ఎగ్జామ్ రాసే ఆలోచన ఉంటే మాత్రం కొనేముందు ఆ ఏడాది సిలబస్‌లో ఎడిషన్ గురించి ఏం రాశారో చదవండి, ఫొటోకాపీల మీద కూడా నిబంధనలుంటాయి.

మీ రెండు షీట్ల అడుగున ఉన్న నంబర్లు, పైన ఎడిటర్ పేరు ఉంటే అదీ రాసి పెట్టండి. ‘డి’ ఉన్నది ఏ పబ్లిషర్‌దో నాకూ చూడాలనుంది.